చిటికెడు సిమెంటు

మేస్త్రి పోసిన గచ్చుకు ముప్ఫై ఏళ్లయినా బీట పడదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మూడుసార్లు జల్లించందే ఇసుకను ముట్టుకోడు. రసమట్టం పెట్టి చూసుకోందే తాపీ కింద పెట్టడు. ఇంకొకరు కట్టిన వంకర గోడ కంటపడితే నాలుక చప్పరించి, "పాపం, ఎవరో తొందరపడ్డారు" అనేవాడు. అంతకు మించి ఎవరినీ ఒక మాట అని ఎరగడు. అంత చేయి తిరిగిన మనిషి, భార్య పోయిన రెండో నెలలో, ఇంటి వెనక ఆవిడ పెంచుకున్న తోట మీద సిమెంటు పోసేశాడు.

రెండు రోజుల పని. రెండు వీధుల అవతల కాపురముంటున్న ఒక్కగానొక్క కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సరిగ్గా ఆ రెండు రోజులూ ఏదో శిక్షణ ఉందని వేరే ఊరు వెళ్లింది. అమ్మ గుర్తొస్తుందని ఆవిడ పోయాక పెరటివైపు వెళ్లనే లేదు. తిరిగొచ్చి చూస్తే బంతి మొక్కల్లేవు, చంద్రకాంతల్లేవు, గోడెక్కిన శంఖుపూల తీగ లేదు. నున్నటి గచ్చు ఉంది. నీళ్లు నిలవకుండా ఓ మూలకు వాలు కూడా పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? గుమ్మంలో నిలబడి, "కావాలంటే బకెట్టుడు కుమ్మరించి చూడు, చుక్క నిలవదు" అన్నాడు. తోట మీద గచ్చు పోయడం ఒక ఎత్తు, దాన్ని మెచ్చుకోమని కూతురి ముందు నిలబడటం ఒక ఎత్తు. మహానుభావుడికి ఆ తేడా తెలియలేదు.

ఆ పిల్ల గచ్చు చూసింది, తండ్రి మొహం చూసింది, నోరు మూసుకుంది. పద్నాలుగు నెలలైనా తండ్రితో మళ్లీ తెరవలేదు.

అలాగని రాకపోకలు మానేసిందనుకోకండి. ప్రతి ఆదివారం మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చేది. తండ్రి మందులు సరిచూసేది, దుప్పట్లు ఉతికేది, వారానికి సరిపడా కూరగాయలు సర్దేది. మాట మాత్రం మొగుడి ద్వారానే. ఆ అల్లుడు లిఫ్టు మెకానిక్. వారమంతా రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్లను బయటికి లాగే మనిషి, ఆదివారం వచ్చేసరికి తనే ఇరుక్కునేవాడు.

"ఏమండీ, బీపీ మాత్ర వేసుకున్నారేమో అడగండి."

"మామగారూ, మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నానని చెప్పండి అల్లుడుగారూ."

"వేసుకున్నారట."

"మొహం చూస్తే అలా లేదనండి."

ముగ్గురూ కూర్చున్నది ఒకే బల్ల చుట్టూ. మధ్యలో కూర్చున్న అల్లుడి మెడ ఇటూ అటూ తిరిగి తిరిగి సాయంత్రానికి పట్టేసేది. "మీ ఇద్దరి పుణ్యమా అని నాకు నూనె మర్దనా తప్పడం లేదు" అని ఒకసారి వాపోయాడు. ఎవరూ నవ్వలేదు.

మేస్త్రికి కావలసింది ఒక్కటే. ఆ పిల్ల నోట 'నాన్నా' అన్న పిలుపు మళ్లీ వినాలి. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేదేమో, కానీ ఆ ఒక్క మాట ఎలా ఎత్తుకోవాలో ఆయనకు తెలియదు. ఒక రోజు గచ్చు తవ్వి పారేద్దామని గునపం కూడా తీశాడు. తవ్వితే మాత్రం కింద ఏముంది? గునపం మళ్లీ మూల పెట్టేశాడు.

ఇలా నడుస్తుండగా, వానలు ఇంకా నెలన్నర దూరంలో ఉన్నాయనగా, ఒక ఆదివారం కూతురు రెండు సంచులతో దిగింది. ఒక దాంట్లో ఎరువు, ఇంకో దాంట్లో పాత మందు సీసాలు, పదిహేడు. వాటి మీద వంకర అక్షరాలతో అంటించిన చీటీలు. మేస్త్రి ఆ అక్షరాలు గుర్తుపట్టాడు. భార్య ఏటా పూలు ఎండాక విత్తనాలు దులిపి ఆ సీసాల్లోనే దాచేది. ఆవిడ పోయాక కూతురు వాటిని తనింటికి పట్టుకుపోయింది. తోటే లేదు కాబట్టి కొత్త విత్తనాల మాటే లేదు. ఉన్నవి ఇవే.

"బస్సు డిపో వెనక గోడకీ మురుగు కాలవకీ మధ్యన పొడుగాటి జాగా ఉంది కదండీ," అంది మొగుడితో, తండ్రికి వినపడేట్టు. "పగిలిన టైల్సూ, విరిగిన ఇటుకలూ పోసేసి వదిలేశారు. మా ల్యాబు కిటికీలోంచి రోజూ అదే కనపడుతుంది. అక్కడ గునపం దిగదు, నీళ్లు మోయలేం. అందుకని మట్టీ ఎరువూ కలిపి, మధ్యలో విత్తనాలు పెట్టి, ఉండలు చేసి విసిరేస్తాం. వాన పడగానే ఉండ కరిగిపోయి మొలకలొస్తాయి. మీ మామగారికి మట్టి గురించి తెలుసు కాబట్టి సాయం చేస్తారేమో అడగండి."

అసలు సంగతి ఇంకోటి కూడా ఉంది. ఉండలు ఆరడానికి నున్నటి నేల కావాలి. అలాంటిది ఎవరింట్లో ఉందో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

అల్లుడు ఇటు తిరిగేలోపే మేస్త్రి జల్లెడ తేవడానికి లేచాడు.

కూతురు ల్యాబు కాగితం మీద రాసి గోడకు అంటించింది. బంకమట్టి ఐదు పాళ్లు, ఎరువు మూడు పాళ్లు, విత్తనాలు ఒక పాలు. నీళ్లు కొద్దికొద్దిగా. కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ ఇంకో వాక్యం: 'ఉండ వానకు కరగాలి.' మేస్త్రి కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. బంకమట్టిని ప్లాస్టరింగు ఇసుక జల్లించినట్టు జల్లించాడు. పైపు ముక్క కోసి కొలత తయారుచేశాడు, ఏ ఉండైనా అందులోంచి అంచులు రాసుకుంటూ జారాలి. అల్లుడు చేసినవి ఒక్కొక్కటి ఒక్కో సైజులో ఉంటే వాటన్నిటినీ మెదిపి మళ్లీ చుట్టాడు.

"మామగారూ, విసిరెయ్యడానికే కదా," అన్నాడు అల్లుడు.

"విసిరేసేదైతే మాత్రం? వంకరగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"కాలవ పక్కన నలుగురెవరు మామగారూ?"

రెండో ఆదివారం ఒక చిత్రం జరిగింది. మేస్త్రి మట్టి పిసుకుతుంటే కూతురు పక్కనే గొంతుక్కూర్చుని, ఎవరివంకా చూడకుండా, "ఇంకొంచెం తడి కావాలి" అంది. ఆ మాట మోయడానికి నోరు తెరిచిన అల్లుడు ఇక్కడ తన అవసరం లేదని గ్రహించి నోరు మూసేశాడు. మేస్త్రి నీళ్లు చిలకరించాడు. పిలుపు లేని మాటే కావచ్చు, గాలితో అన్నదే కావచ్చు. పద్నాలుగు నెలల్లో మధ్యవర్తి లేకుండా చెవిన పడ్డ మొదటి మాట అది.

ఉండలు చేయాల్సింది ఇంకా చాలా ఉంది. మిగతా వారమంతా ఆ పని తానే చూసుకుంటానని మేస్త్రి అల్లుడి ద్వారా కబురు చెప్పాడు. సీసాలు ఇంట్లోనే వదిలి వెళ్లారు.

బుధవారం మధ్యాహ్నం కొంప మునిగింది. ఆరిన ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని, తీరా విసిరితే ఎలా ఉంటుందోనని, భుజం ఎత్తునుంచి గచ్చు మీదికి వదిలాడు. పొడిపొడి అయిపోయింది. గింజలు నలుమూలలకూ చెదిరాయి. ఇంకోటి వదిలాడు. అదీ అంతే.

మేస్త్రి డిపో వెనక జాగా తలుచుకున్నాడు. అక్కడ జాగా నిండా రాళ్లూ టైల్సూను. విసరగానే పగిలి, గింజలు బయటపడి, ఏ పిచ్చికో తినేస్తే? మళ్లీ తేవాలంటే విత్తనాలెక్కడివి? నలభై ఏళ్లు ఆయన చేతిలోంచి వెళ్లిన వస్తువేదీ రాలలేదు. ఇన్నాళ్లకు కూతురు తనంతట తాను ఒక పని చెబితే అది పిండిలా రాలిపోవాలా? ఎర్ర సిరా వాక్యం గోడ మీదే ఉంది. ఆయన దానివంక చూశాడు కూడా. 'వాన సంగతి తరవాత, ముందు విసురు తట్టుకోవాలి కదా' అనుకున్నాడు. మనసుకు నచ్చిన పనికి కారణాలు వెతకడం మేస్త్రికే కాదు, ఎవరికైనా ఇట్టే వచ్చేస్తుంది.

వెనక గదిలో సగం వాడిన సిమెంటు బస్తా ఉంది. ఉండకు చిటికెడు. చిటికెడంటే చిటికెడే, ఉప్పు వేసినట్టు. చిటికెడు ఏం చేస్తుందిలే అనుకుని, ఆరినవాటిని కూడా మెదిపి, అన్నిటినీ కొత్తగా చుట్టాడు. శుక్రవారం ఒకటి వదిలి చూశాడు. టంగుమని ఎగిరి గోడ దాకా దొర్లింది. గీత కూడా పడలేదు. ఆ పూట కడుపునిండా భోంచేశాడు.

మొదటి మబ్బు పట్టిన ఆదివారం ముగ్గురూ బకెట్లు పట్టుకుని డిపో వెనక్కి వెళ్లారు. నాలుగువందల పన్నెండు ఉండలు. అల్లుడు ఊపుగా విసిరిన మొదటి ఉండ నేరుగా కాలవలో పడింది. కూతురు పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. మిగతావి రాళ్ల మీదా, టైల్సు మీదా టకటకా పడ్డాయి. ఒక్కటీ పగల్లేదు.

"బాగా కుదిరాయి," అంది కూతురు, గాలితోనే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక టీ పెట్టి, గ్లాసు తండ్రి చేతికే ఇచ్చింది. ఇదివరకు బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకునేది. మేస్త్రి ఆ టీని చల్లారిందాకా తాగాడు.

వాన వచ్చింది. చిన్న వాన కాదు, వారం రోజులు ముసురు పట్టింది. కూతురు రోజూ ల్యాబుకు వెళ్లేముందు గొడుగేసుకుని డిపో వెనక్కి వెళ్లి చూసేది. మేస్త్రి మధ్యాహ్నం వెళ్లేవాడు, ఎవరికీ చెప్పకుండా. ఎనిమిదో రోజున ఒక ఉండ తీసి చూశాడు. తడిసి నల్లగా మెరుస్తోంది. బొటనవేలితో నొక్కాడు. గోటితో గీకాడు. అప్పుడు నాలుక కరుచుకున్నాడు. సిమెంటు అన్నాక నీళ్లు తగిలేకొద్దీ గట్టిపడుతుంది. తాను పోసిన ప్రతి గచ్చుకూ పది రోజులు దగ్గరుండి నీళ్లు కట్టిన మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? కరిగించాల్సిన వాన కాస్తా పట్టుగా కురిసి ఉండలన్నిటినీ రాళ్లు చేసి పెట్టింది.

ఉండ తీసిన చోటే పెట్టేసి ఇంటికొచ్చాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. పిరికితనం అనండి, ఇంకేమైనా అనండి. ఆదివారం టీ గ్లాసు మళ్లీ చేతికే వచ్చింది. ఆపై ఆదివారం కూడా వచ్చింది. చేతికొచ్చే గ్లాసు కోసం మేస్త్రి కిమ్మనకుండా ఊరుకున్నాడు.

కూతురు ఊరుకునే రకం కాదు. చేసేది పరీక్షల ఉద్యోగం. సీసా అడుగున అంటుకుని మిగిలిన బంతి గింజలు పదింటిని తడి దూదిలో పెట్టింది. నాలుగు రోజుల్లో తొమ్మిది మొలిచాయి. అంటే విత్తనాల తప్పు కాదు. వానలకు లోటు లేదు. మట్టి సాక్షాత్తూ మేస్త్రి జల్లించిన మట్టి. ఇంక మిగిలిందేమిటి?

నాలుగో ఆదివారం వాన తెరిపిచ్చింది. పొద్దున్నే ముగ్గురూ డిపో వెనక నిలబడ్డారు. ఇటుక ముక్కల సందుల్లో పిచ్చిగడ్డి తప్ప ఏమీ లేదు. కూతురు చాలాసేపు చూసి మొగుడితో అంది.

"విత్తనం మంచిదే అండీ. చెయ్యే మంచిది కాదు. అమ్మ కాళ్ల కింద రాలిన గింజ కూడా మొలిచేది. నా చేతికి ఆ గుణం రాలేదు. అమ్మవి ఉన్నవన్నీ పట్టుకొచ్చి కాలవ పాలు చేశాను. ఇంక నేను విత్తనం ముట్టుకోను." కొంగుతో మొహం తుడుచుకుంది.

అల్లుడు ఏదో సముదాయించబోయాడు. మేస్త్రి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఊరుకుంటే ఏమీ కాదు. ఎవరికీ అనుమానం లేదు. ఇంకో నాలుగు ఆదివారాలు ఓపిక పడితే గాలితో అనే మాటలు తనతో అనే మాటలవుతాయి, ఆ పిలుపు కూడా వచ్చేస్తుంది. చెబితే మాత్రం ఇన్నాళ్లూ ఇంతింతగా కూడబెట్టుకున్నదంతా ఒక్క దెబ్బకు పోతుంది. పద్నాలుగు నెలలు కాదు, ఈసారి ఈ జన్మకు మాట్లాడదు. అయినా, వాళ్లమ్మ చేయి తనకు రాలేదని ఆ పిల్ల జన్మంతా అనుకోవాలా?

మేస్త్రి అల్లుడి వైపు తిరిగాడు.

"అల్లుడుగారూ, చేతి గుణం కాదని చెప్పండి మీ ఆవిడకు."

"చేతి గుణం కాదట."

"నేను సిమెంటు కలిపానని చెప్పండి."

ఇన్నాళ్లూ ఏ మాటనైనా ఇటునుంచి అటు చేరవేసిన అల్లుడికి ఈ మాట నోటికి రాలేదు. "ఏంటి మామగారూ?" అన్నాడు నీరసంగా.

"ఉండల్లో. ఉండకు చిటికెడు. విసిరితే పగిలిపోతాయేమోనని."

కూతురు వంగి ఒక ఉండ తీసింది. ఇటుక ముక్కకేసి కొట్టింది. ఇటుక అంచు విరిగింది, ఉండ విరగలేదు. అప్పుడు తలెత్తి తండ్రి మొహంలోకి సూటిగా చూసింది.

"సిమెంటా నాన్నా?"

మేస్త్రి తలూపాడు.

"సిమెంటా! అసలు మనిషివేనా నువ్వు? వానకు కరగాలని రాశానా లేదా? ఎర్ర సిరాతో గీత గీశానా లేదా? నీ కళ్లకు అది ఆనలేదా? అమ్మ తోటకీ సిమెంటే, అమ్మ విత్తనాలకీ సిమెంటే! లోకంలో నీకింకో వస్తువు తెలీదా నాన్నా?"

"తెలీదే," అన్నాడు మేస్త్రి. "నాకు తెలిసింది అదొక్కటే."

"మళ్లీ ఎదురు మాట్లాడతావు!"

"ఎదురు కాదు తల్లీ. మీ అమ్మ పోయాక నేను నీళ్లు పోశాను. పొద్దునా సాయంత్రం మానకుండా పోశాను. రోజుకో మొక్క పోయింది. నా కళ్ల ముందు ఒక్కొక్కటీ కుళ్లిపోతుంటే నావల్ల కాలేదు. నువ్వు ఊరినుంచి వచ్చేసరికి ఆ చోట పాడవనిది ఏదైనా ఒకటి ఉండాలనిపించింది. నాకు చేతనైంది అదే."

కూతురు చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే ఇంకో సంగతి తట్టి మళ్లీ ఒళ్లు మండింది.

"రోజుకు రెండుసార్లా? మొక్కలకా? గచ్చుకు కట్టినట్టు నీళ్లు కడితే వేళ్లు కుళ్లి చావవూ? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. గచ్చుకైతే అంతే కదా."

"నాకు ఫోన్ చేస్తే చెప్పేదాన్నిగా! ఆ నోరు అప్పుడేమైంది నాన్నా? ఇన్ని నెలలూ ఏమైంది?"

"నువ్వు అడగలేదు కదే."

"నువ్వు చెప్పలేదు కదా!"

కాలవ అవతల బస్సు తుడుస్తున్న డ్రైవరు గుడ్డ పక్కన పెట్టి మరీ చూశాడు. ఎవరు చూస్తే ఆమెకేం?

మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. చిటికెడే కాబట్టి సుత్తితో పదునుగా ఒక్కటి వేస్తే రెండుగా విడుతుందని, లోపల గింజ నలగకుండా కొట్టడం తనకు వచ్చునని అన్నాడు. బతికున్నవి ఎన్నో, సిమెంటు తిన్నవి ఎన్నో చూస్తేనే గాని తెలియదు. అల్లుడు ఇంటికెళ్లి సుత్తీ బకెట్టూ తెచ్చాడు. ముగ్గురూ దొరికినన్ని ఉండలు ఏరారు. మేస్త్రి ఒక బండ ముందు కూర్చుని ఒక్కో ఉండనూ విడగొట్టడం మొదలుపెట్టాడు. కూతురు ఎదురుగా కూర్చుని గోళ్లతో గింజలు ఒలిచి, మంచివనిపించినవి ఒక పక్కనా నల్లబడ్డవి ఒక పక్కనా పెట్టింది. నల్లబడ్డవే ఎక్కువగా ఉన్నాయి. చేతులతో పాటు నోరూ ఆడుతూనే ఉంది. బీపీ మాత్రల దగ్గర అబద్ధాలాడటం దగ్గర్నుంచి, గుమ్మంలో నిలబడి చుక్క నిలవదని గొప్పలు పోవడం దాకా, ఇన్ని నెలల బాకీ ఒక్కటీ వదలకుండా తిట్టింది. తిట్టిన ప్రతి తిట్టు చివరా నాన్నా అంది.

అల్లుడు కాసేపు విని, అలవాటు కొద్దీ ముందుకు వంగి, "మామగారూ, మీ అమ్మాయి ఏమంటోందంటే..." అని మొదలుపెట్టాడు.

"మీరూరుకోండి," అంది కూతురు. "ఆయనకు వినపడుతోంది."

మేస్త్రికి వినపడుతూనే ఉంది. బకెట్టులో ఇంకా మూడువందల పైచిలుకు ఉండలున్నాయి. అవి అయిపోతే ఆ తిట్లు కూడా అయిపోతాయేమోనని భయమేసి, సుత్తి దెబ్బలు కొంచెం నెమ్మది చేశాడు.